టీ రంగు ప్లగ్గు

లంకలపాలెంలో తలకాయ లేనివాడంటూ ఎవడూ లేడు. కాకపోతే దాన్ని వాడేది మాత్రం తామొక్కళ్ళమేనని చిట్టూరివారి అన్నదమ్ముల గట్టి నమ్మకం. ఆ సంగతి దారినపోయే వాళ్ళకి కూడా తెలియాలని వీధిగోడ మీద "ముందు ఆలోచన, తరువాతే పని" అని రాయించబోయారు. అక్షరాలు మరీ పెద్దవై గోడ చాల్లేదు. "ముందు ఆలోచన, తరువాతే" అన్నంతవరకే పట్టింది. పని పట్టలేదు. పక్కగోడ మీద రాద్దామంటే అది పక్కింటివారిది.

పెద్దవాడు త్రిమూర్తులు. పేరు ముగ్గురిది, మనిషి ఒక్కడే. రెండోవాడు గంగరాజు, మూడోవాడు పాపారావు. త్రిమూర్తులికి ఆ ఏడు మాఘమాసంలోనే పెళ్ళయింది. పెళ్ళాం పేరు వరాలు, కాలవ గట్టు వెంట పోతే వచ్చే పెదగరువు పిల్ల. కొత్త కోడలు కనక ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళింది. శ్రావణం రాగానే మొగుడు మోటారుసైకిలు మీద వెళ్ళి తీసుకురావాలి. వరలక్ష్మీ వ్రతం ఈ ఇంట్లోనే చెయ్యాలి. వాళ్ళమ్మ పోయాక ఆ ఇంట్లో కలశం పెట్టిన వాళ్ళు లేరు. అమ్మ వాడిన ఇత్తడి చెంబును త్రిమూర్తులు ఆషాఢమంతా చింతపండుతో తోముతూనే ఉన్నాడు. పాపం, అంత బెంగ పెట్టుకున్నాడు. చెంబు సగం అరిగింది.

పెళ్ళాన్ని తెచ్చే బండి మామూలుగా ఉంటే బాగుండదని, ముగ్గురూ కలిసి టౌనుకి వెళ్ళి ఏమైనా కొత్త సామాను వెయ్యమన్నారు. షాపువాడు ఎర్రగా గరాటులా మెరిసిపోతున్న ఎయిర్ ఫిల్టరు తీసి చూపించాడు.

"కంపెనీవాడు డబ్బాలో పెట్టి బిగించిన ఫిల్టరుతో బండికి ఊపిరాడదండీ. ఇది పెడితే హాయిగా గాలి పీలుస్తుంది" అన్నాడు.

అంతే. పాపారావు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అన్నయ్యా, నాన్న కొన్న నాటినుంచీ ఊపిరాడకుండా మనల్ని మోసిందిరా! ఒక్కనాడైనా చెప్పిందా?"

"అది చెప్పదురా, మంచి బండి" అన్నాడు త్రిమూర్తులు, సీటు నిమురుతూ.

ఎర్ర ఫిల్టరు పెట్టించారు. పాత డబ్బా ఇంటికి తెచ్చి అందులో చింతపండు పోశారు. శ్రావణం రాగానే త్రిమూర్తులు అత్తారింటికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు బండి చిన్నగా దగ్గింది. ఇన్నాళ్ళకి ఊపిరాడింది కదా, అలవాటు లేక దగ్గుతోందనుకున్నాడు. వచ్చేటప్పుడు వరాలుని ఎక్కించుకుని కాలవ గట్టు మీద కాస్త ఏక్సిలేటర్ తిప్పాడు. ఇంకేముంది! టప్, టప్, టప్మని తుమ్మి బండి ఆగింది. మళ్ళీ స్టార్టు చేశాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆగింది. కొత్త పట్టుచీర కట్టుకున్న వరాలు దిగి వెనకనుంచి తోసింది. కాస్సేపు తోశాక చీర వంక చూసుకుంది. బురద కుచ్చిళ్ళ దాకా వచ్చింది.

"ఏవండీ, నేను మా ఇంటికి పోతున్నాను" అంది.

"ఇల్లు ఇటు కదే?"

"మా నాన్న ఇల్లు అటు. ఈ బండి మీ ఇంటి దగ్గర బయల్దేరి మా ఇంటికొచ్చి, నన్ను ఎక్కించుకుని మళ్ళీ మీ ఇల్లు చేరేదాకా దార్లో ఒక్కసారి కూడా ఆగకూడదు. ఆ రోజే మీ గడప తొక్కుతాను!" అని ఎదురొచ్చిన ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

కోపంలో అన్న మాట. ఏ మొగుడైనా సాయంత్రానికి మల్లెపూలు పట్టుకెళ్ళి సర్దుకుంటాడు. కానీ చిట్టూరివారింట్లో మాటంటే మాటే. త్రిమూర్తులు బండి తోసుకుంటూ ఇంటికొచ్చి తమ్ముళ్ళకి చెప్పాడు. వ్రతం వచ్చే శుక్రవారం. ఆలోగా బండి బాగుపడకపోతే వదిన రాదు. వదిన రాకపోతే కలశం లేదు. గంగరాజు వెంటనే టౌన్లో మెకానిక్ నూకరాజుకి ఫోన్ చేశాడు.

నూకరాజు అంతా విని, "మరేనండీ! కొత్త ఫిల్టరు పెట్టాక బండిలో గాలి ఎక్కువైపోయింది, పెట్రోలు తక్కువైంది. అందుకే..." అన్నాడు.

"చాలండీ, అర్థమైంది" అని గంగరాజు పెట్టేశాడు. తెలివైన వాళ్ళతో వచ్చిన చిక్కే ఇది, సగం వింటే చాలు వాళ్ళకి.

అసలు అతను చెప్పబోయింది కార్బొరేటర్ సంగతి. కార్బొరేటర్ అంటే ఏమీ లేదు, గాలినీ పెట్రోలునీ కలిపే గిన్నె. అట్ల పిండిలాంటి వ్యవహారమే. పిండి అంతే ఉంచి నీళ్ళు పోసుకుంటూ పోతే అట్టు పెనం మీద నిలవదు. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పిన మాస్టారు ఒకాయన, గాలి కంటికి కనబడదు గనక దాని గురించి జనం ఏదైనా నమ్ముతారనేవారు. ఆయన నల్లబల్ల మీద గాలి బొమ్మ వేస్తానని ఖాళీగా వదిలేసేవారు, మేము నోటుపుస్తకంలో అలాగే దింపుకునేవాళ్ళం. సరే, అది వేరే కథ.

"పెట్రోలు తక్కువైందట" అన్నాడు గంగరాజు. అంతే, ట్యాంకు మూతి దాకా పోయించి తెచ్చారు. కుదిపితే ఒలికేటంత.

"గాలి ఎక్కువైందట" అన్నాడు పాపారావు. "బండిలో గాలి ఎక్కడుంటుంది?"

ముగ్గురూ బండి చుట్టూ తిరిగి చూశారు. టైర్లలో ఉంది! వేలితో నొక్కి చూస్తే నిజంగానే ఎక్కువుంది, రాయిలా ఉంది. ఇంకేముంది, ముందు చక్రంలో సగం, వెనక చక్రంలో సగం తీసేశారు. త్రిమూర్తులు బండెక్కి వీధిలోకి వెళ్ళాడు. బండి బాతులా అటూ ఇటూ ఊగుతూ నాలుగిళ్ళు దాటింది. టప్, టప్మని ఆగింది.

"ఇంకా ఉన్నట్టుంది గాలి" అన్నాడు గంగరాజు. ఉన్నది కూడా తీసేశారు. ఆ పైన బండి టౌనుదాకా తోసుకెళ్ళాల్సి వచ్చింది. గాలి లేని బండి తోయడమంటే చచ్చిన గేదెని లాగడమే.

నూకరాజు ఓ ట్రాక్టరు ఇంజను విప్పుకుని మోచేతుల దాకా నూనెలో ఉన్నాడు. వీళ్ళ చక్రాలు చూసి చేతులు తుడుచుకున్నాడు. తర్వాత కుర్చీలో కూలబడి, "చూడండి బాబూ, నాకిప్పుడు తీరిక లేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేస్తారా?" అన్నాడు.

"అది తప్ప మాకు ఇంకోటి రాదు" అన్నాడు త్రిమూర్తులు.

"ముందు గాలి కొట్టించండి. కార్బొరేటర్ పక్కన ఇదిగో ఈ చిన్న స్క్రూ ఉంది. ఇంజను బాగా వేడిగా ఉన్నప్పుడే దీన్ని ముట్టుకోవాలి. మెల్లగా తిప్పుతూ వినండి. శబ్దం ఎక్కడ నున్నగా వస్తే అక్కడ ఆపెయ్యండి. తర్వాత స్పార్కు ప్లగ్గు విప్పి చూడండి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదని, నల్లగా ఉంటే ఎక్కువైందని. సరిగ్గా టీ రంగులో ఉండాలి. ఉంటే ఫోన్ చెయ్యండి, లేకపోతే లోపల జెట్టు మార్చాలి, నేనే చూస్తాను."

గాలి కొట్టించుకుని ఇంటికొచ్చారు. మొదట ఇంజను వేడెక్కాలి. స్టార్టు చేసి ఉంచితే పెట్రోలు తగ్గిపోతుంది, అసలే తక్కువైందంటున్నాడు. అందుకని గంగరాజు పొయ్యి మీద ఉప్పు వేయించి మూట కట్టాడు. ముగ్గురూ వంతులేసుకుని ఇంజనుకి కాపడం పెట్టారు. పాపారావు దుప్పటి కూడా కప్పాడు. పక్కింటి వీరమ్మగారు గోడమీంచి తొంగిచూసి, "ఏరా, బండికి జ్వరమా?" అంది.

"జ్వరం లేదు పిన్నీ, అదే తెప్పిస్తున్నాం" అన్నాడు పాపారావు.

ఇక స్క్రూ. తిప్పుతూ విన్నారు. గరగరమంటోంది. శబ్దం ఎక్కడ నున్నగా వస్తే అక్కడ ఆపమన్నాడు కదా, మన పెరట్లో గరగరమంటే ఇక్కడ కాదన్నమాట అని త్రిమూర్తులు తేల్చాడు. అంతే, బండిని స్కూలు ముందుకి తీసుకెళ్ళారు. అక్కడ పిల్లల ఎక్కాల్లో ఏమీ వినపడలేదు. రేవు దగ్గర పెట్టారు. చాకలి బండల మోత. చివరికి రైసుమిల్లు గోదాములోకి తోశారు. ఖాళీ గోదాము, పైన రేకులు. బండి స్టార్టు చేస్తే ఆహా, మృదంగం వాయించినట్టు గుమ్మని మోగింది.

"ఇక్కడే!" అన్నారు ముగ్గురూ. అక్కడే ఆపేశారు. ఆపేసి, అక్కడే వదిలేసి ఇంటికొచ్చారు. మర్నాడు ధాన్యం లారీలొస్తే మిల్లు గుమాస్తా బండిని బయటికి గెంటించాడు. చెప్పినట్టు చేసే వాళ్ళని ఈ లోకం బతకనివ్వదని గంగరాజు చాలా బాధపడ్డాడు.

ఇక మిగిలింది ప్లగ్గు. విప్పి చూశారు. కొస తెల్లగా ఉంది, సుద్దముక్కలా. నూకరాజు చెప్పిన లెక్కన పెట్రోలు చాలట్లేదని. కానీ వీళ్ళ చెవిలో మిగిలింది ఒకటే: టీ రంగులో ఉండాలి.

గంగరాజు టీ పెట్టాడు. గ్లాసు పక్కన ప్లగ్గు పెట్టి చూశారు.

"టీ ఎర్రగా ఉంది, ప్లగ్గు తెల్లగా ఉంది. కలవలేదు" అన్నాడు పాపారావు.

"ప్లగ్గు ఇనుపది, దాని రంగు మారదు. మారేది టీయే" అన్నాడు త్రిమూర్తులు. ఆ మాటకి తమ్ముళ్ళిద్దరూ అన్నగారి వంక గౌరవంగా చూశారు. ఇంటికి పెద్దవాడంటే అలా ఉండాలి.

అంతే, పాలు పోశారు. ఇంకా కొంచెం. ఇంకా కొంచెం. గేదె పాలు అయిపోతే వీరమ్మగారింటినుంచి తెచ్చి పోశారు. ఆఖరికి గ్లాసులో పాలు తప్ప మరేమీ కనబడని స్థితి వచ్చాక ప్లగ్గు పక్కన పెడితే అచ్చు ఒకటే రంగు. పాపారావు రుచి కూడా కలిసిందేమోనని ప్లగ్గు నాకి చూశాడు.

"కలవలేదన్నయ్యా."

"రంగే చెప్పాడురా, రుచి చెప్పలేదు."

ఫోన్ చేశారు. "ప్లగ్గు టీ రంగులో ఉందా?" అన్నాడు నూకరాజు.

"అచ్చు అదే రంగు. పక్కపక్కన పెట్టి చూశాం."

"పక్కపక్కన ఎందుకండీ... సర్లెండి. అయితే బాగానే ఉన్నట్టే. వెళ్ళి రండి."

గురువారం పొద్దున్నే త్రిమూర్తులు తలంటుకుని, కొత్త చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. ఊరి పొలిమేర దాటకుండానే టప్, టప్, టప్. రేపే వ్రతం. త్రిమూర్తులు బండి పక్కన గట్టు మీద కూర్చున్నాడు. శబ్దం విని తమ్ముళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆలోచిస్తున్నాడేమోనని కాసేపు ఊరుకున్నారు. తర్వాత చూస్తే చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"వదిన రాకపోతే రేపు చెంబు ఊరికే ఉంటుందిరా" అన్నాడు.

అది చూసి గంగరాజు ఫోన్లో ఏమన్నాడో గానీ, నూకరాజు సామాను సంచీ తగిలించుకుని తనే వచ్చాడు. ప్లగ్గు విప్పి, ఎండకెత్తి చూశాడు.

"దీన్ని టీ రంగు అంటారా?"

"ఇంటికి రండి, చూపిస్తాం" అన్నాడు గంగరాజు.

బండి తోసుకుని ఇంటికి వెళ్ళాక గ్లాసు చేతికిచ్చారు. నూకరాజు అందులోకి చూశాడు. ఒక గుక్క తాగాడు. మళ్ళీ చూశాడు. "ఇవి పాలు" అన్నాడు.

"ఇప్పుడు మా ఇంట్లో టీ ఇదేనండీ. బండి కోసం మార్చుకున్నాం."

నూకరాజు గ్లాసు కింద పెట్టి పనిలో దిగాడు. కార్బొరేటర్ విప్పి, పెట్రోలు వచ్చే చిన్న జెట్టు తీసి, అంతకంటే కాస్త పెద్ద రంధ్రమున్నది వేశాడు. స్క్రూ సర్దాడు. బండెక్కి ఊరంతా తిరిగొచ్చి, మళ్ళీ ప్లగ్గు విప్పి చూపించాడు. లేత గోధుమరంగు.

"ఇదిగో, ఇదీ టీ రంగు! ఇంక దార్లో ఆగమన్నా ఆగదు. మీకు దణ్ణం పెడతాను, దేన్నీ ముట్టుకోకండి" అన్నాడు.

"మరి ఈ టీ ఏం చెయ్యమంటారు?" అన్నాడు పాపారావు. నూకరాజు అప్పటికే వీధి మలుపు తిరిగాడు.

మధ్యాహ్నం త్రిమూర్తులు మళ్ళీ బయల్దేరాడు. దార్లో ఆగిందో లేదో చూడటానికి సాక్షులుండాలని తమ్ముళ్ళిద్దరూ ఒకే సైకిలు మీద వెనకే తొక్కారు. బండి పాటలా పోయింది. గట్టు దాటింది, పెదగరువు వచ్చింది. వరాలు చేతిసంచీతో అరుగు మీద సిద్ధంగా నిలబడి ఉంది. పాపం, ఆ పిల్ల అప్పటికే కోపం మర్చిపోయి మొగుడి కోసం చూస్తోంది.

త్రిమూర్తులు ఆగలేదు. ఇంటిని చుట్టి వెనక సందులోంచి మళ్ళీ ముందుకొచ్చాడు.

"అల్లుడుగారూ, దిగండి! కాళ్ళు కడుక్కోండి!" అన్నాడు మామగారు.

"బాగున్నారా మావయ్యగారూ!" అంటూ త్రిమూర్తులు వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు.

"బాగానే ఉన్నాం! కాఫీ..." అనేలోపు మళ్ళీ మాయం. మళ్ళీ వచ్చేసరికి మామగారు గ్లాసు పట్టుకుని పక్కన పరిగెత్తాడు. సగం కాఫీ అల్లుడి నోట్లోకి, సగం కొత్త చొక్కా మీదకి వెళ్ళింది.

"ఏవండీ, బండి ఆపండి! ఎలా ఎక్కను?" అని అరిచింది వరాలు.

"ఆపితే ఆగినట్టు కాదూ? నువ్వే దార్లో ఒక్కసారి కూడా ఆగకూడదన్నావు! సంచీ పట్టుకుని పరిగెత్తు, ఎక్కేయ్!"

వరాలు చీర ఎగదోపి పరిగెత్తింది. మామగారు గ్లాసుతో పరిగెత్తాడు. వీధి కుక్కలు ఊరికే ఉంటాయా, అవీ పరిగెత్తాయి. అంతలో సందులోంచి మామగారి గేదె అడ్డం వచ్చి నిలబడింది. త్రిమూర్తులు బ్రేకు తొక్కాడు. బండి ఆగింది, సరిగ్గా వరాలు కాళ్ళ ముందు.

"హమ్మయ్య" అని వరాలు ఎక్కబోయింది.

"ఆగిందన్నయ్యా! మేం చూశాం!" అన్నారు సాక్షులు.

"ఆగింది" అన్నాడు త్రిమూర్తులు నీరసంగా. "వరాలూ, ఆగిన బండి నువ్వెలా ఎక్కుతావే? షరతు పోయింది."

"షరతు పోతే పోయింది, నేనొస్తున్నానండీ! నా మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను!"

"మాట నీదేనే, కానీ మాకిచ్చేశావు కదా. ఇచ్చాక అది మాది. మేమివ్వం" అన్నాడు త్రిమూర్తులు. తమ్ముళ్ళు ఔనంటే ఔనన్నారు. ఆగిన బండిని మళ్ళీ నడిపితే ఆగనట్టు నటించినట్టవుతుందని, బంగారంలా ఉన్న బండిని ముగ్గురూ తోసుకుంటూ బయల్దేరారు. వరాలు సంచీతో అలాగే నిలబడిపోయింది. గేదె కూడా.

కాలవ గట్టంతా బండి తోసుకుని, చెమటలు కక్కుతూ ఇల్లు చేరేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది, పోపు వాసన వస్తోంది. బస్సులో ముందే వచ్చేసిన వరాలు పీట మీద కూర్చుని పూర్ణానికి పప్పు ఉడకేసింది. చింతపండు కోసం ఫిల్టరు డబ్బా కూడా కనిపెట్టింది.

"నువ్వు ఇంకా రాలేదు కదే!" అన్నాడు త్రిమూర్తులు గుమ్మంలోనే నిలబడిపోయి.

"మరి ఈ పప్పెవరు ఉడకబెట్టారు? కాళ్ళు కడుక్కుని రండి, భోంచేద్దురుగాని."

నాలుగు ముద్దలు తినేదాకా బాగానే ఉన్నాడు. తర్వాత మొదలైంది ఆలోచన. తీసుకురాకుండా వచ్చిన పెళ్ళాం వచ్చినట్టా, రానట్టా? రానట్టే. అలాంటప్పుడు ఆమె చేతి వ్రతం చేసినట్టెలా అవుతుంది? అమ్మ చెంబుకి అన్యాయం కదూ. తెల్లారగానే వరాలు తలస్నానం చేసి వచ్చేసరికి బండి వీధిలో గుడగుడమంటోంది.

"ఎక్కు" అన్నాడు.

"ఎక్కడికండీ? కలశం పెట్టాలి."

"పుట్టింటికి. దింపేసి, ఆగకుండా వచ్చి తీసుకెళ్తాను."

వరాలు తల పట్టుకుంది. కాదంటే ఇది తెమలదని ఎక్కింది. బండి రివ్వున పోయింది. ఆమెని అరుగు మీద దింపాడు. తీసుకెళ్ళాలంటే ఇంటినుంచి బయల్దేరాలి కదా, అందుకని వెంటనే బండి తిప్పి ఇంటికొచ్చాడు. దార్లో ఎక్కడా ఆగలేదు.

"ఆగిందా అన్నయ్యా?" అని ఎదురొచ్చారు తమ్ముళ్ళు.

"పోను రాను ఒక్కసారి కూడా ఆగలేదు!"

అంతే, ఇల్లంతా సంబరం. గంగరాజు బండికి పసుపు రాశాడు. పాపారావు కొబ్బరికాయ కొట్టాడు. ముగ్గురూ ఒకళ్ళ భుజాలొకళ్ళు తట్టుకుని పాలలాంటి టీ తాగారు. వాయనానికి పేరంటాళ్ళొచ్చి చాపల మీద కూర్చున్నారు. వీరమ్మగారు లోపలికి తొంగి చూసి, "వరాలేదిరా?" అంది.

త్రిమూర్తులు వెళ్ళి బండి వెనక సీటు చూసొచ్చాడు.

అదృష్టం బాగుండి ఆ పొద్దుటి బస్సు ఆలస్యంగా బయల్దేరి వరాలుకి దొరికింది. వరాలు అందులోంచి దిగి, మొగుడు నోరు తెరిచేలోపే లోపలికి వెళ్ళి పీట మీద కూర్చుంది. అరిగిపోయిన ఇత్తడి చెంబులో నీళ్ళు పోసి, మామిడాకులు పెట్టి, కొబ్బరికాయ నిలబెట్టింది. అమ్మ పోయాక మళ్ళీ ఆ ఇంట్లో హారతి వెలిగింది. వీరమ్మగారు కళ్ళొత్తుకుంది. వరాలు చేతికి తోరం కట్టుకుని, అందరికీ తాంబూలాలిచ్చి, మొగుడికి ప్రసాదం పెడదామని చూస్తే మనిషి లేడు. వీధిలోంచి గుడగుడమని శబ్దం వస్తోంది.

వెళ్ళి చూసింది. పూజ అయినంతసేపూ త్రిమూర్తులు బండి మీదే కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆగకుండా ఏక్సిలేటర్ సన్నగా తిప్పుతూనే ఉన్నాడు. ఆమెని చూడగానే మొహం వెలిగిపోయింది.

"అయిందా వరాలూ? ఒక్క క్షణం కూడా ఆగనివ్వలేదు చూడు. ఇక ఎక్కు. దింపేసి వచ్చి తీసుకెళ్తాను."